కుక్క స్నానానికి పెరట్లో ఓ గట్టు

మీ ప్రశ్నలు – మా జవాబులు

ఎండలు ముదిరేకొద్దీ కుక్కల స్నానం గురించి ఉత్తరాలు పెరిగాయి. ఏ షాంపూ మంచిదని అడిగినవాళ్లే ఎక్కువ. ఎక్కడ నిలబెట్టి కడగాలి, ఆ నీళ్లు ఎటు పోవాలి అని అడిగినవాళ్లు కొద్దిమందే. కుక్క స్నానానికి భయపడటానికి, మన నడుము పట్టేయడానికి కారణాలు ఎక్కువగా ఆ రెండింటిలోనే ఉంటాయి. అందుకే ఈసారి ఆ ఉత్తరాలే తీసుకున్నాం.

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర సొంత ఇల్లు. 30 కిలోల లాబ్రడార్ ఉంది. బట్టలుతికే బండ దగ్గర వంగి కడుగుతుంటే నడుము లేవడం లేదు, పెరడంతా బురద. ఒక గట్టు కట్టించుకోవాలనుంది. కొలతలు, సామాను, మేస్త్రికి ఏం చెప్పాలో వివరంగా రాయగలరా?

జవాబు: ముందు ఎత్తు తేల్చుకోండి. గట్టు ఎత్తు, కుక్క వీపు ఎత్తు కలిపితే మీ నడుము దగ్గరికి, అంటే 38 నుంచి 40 అంగుళాలకు రావాలి. లాబ్రడార్ వీపు 22–24 అంగుళాలు ఉంటుంది కాబట్టి మీ గట్టు 15 అంగుళాలు చాలు. చాలామంది వంటగట్టు ఎత్తులో కట్టిస్తారు. అంత పెద్ద కుక్కను అంత ఎత్తుకు ఎక్కించలేరు, దూకితే కాళ్లు విరగొచ్చు.

లోపలి కొలత 4 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు. ఇంతకంటే పెద్దది కడితే కుక్క అటూ ఇటూ తిరుగుతుంది, మీ చెయ్యి అందదు. చుట్టూ నాలుగున్నర అంగుళాల గోడ. అది గట్టు పైన ఇంకో 4 అంగుళాలు లేచి అంచులా ఉండాలి. వెనక వైపు మాత్రం గోడను అంచు మీద 2 అడుగులు లేపండి. కుక్క విదిలించుకున్నప్పుడు నీళ్లు ఇంటి గోడకు పడకుండా అది ఆపుతుంది, పైపు, కొక్కెం బిగించడానికీ పనికొస్తుంది. ముందు వైపు 20 అంగుళాల ఖాళీ వదిలితే కుక్క ఎక్కడానికి దారి.

సామాను లెక్క: ఇటుకలు 250, సిమెంటు 3 బస్తాలు, ఇసుక 15 ఘనపుటడుగులు, 20 మి.మీ. కంకర 8 ఘనపుటడుగులు, నింపడానికి మొరం. విరిగేవి, ఒలికేవి కలుపుకునే ఈ లెక్క. ఎక్కే మెట్లకో వాలుకో ఇటుకలు వేరుగా తెచ్చుకోవాలి. పునాదికి అడుగు వెడల్పు, 9–10 అంగుళాల లోతు గాడి తీసి, అడుగున మూడంగుళాలు 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర పాళ్లు) కాంక్రీటు, దాని మీద తొమ్మిదంగుళాల వెడల్పున రెండు వరసల ఇటుక, ఆపైన సన్నగోడ. గోడ మాలు సిమెంటు, ఇసుక 1:5.

లోపల మొరం పోసేటప్పుడు మేస్త్రి పక్కనే నిలబడండి. ఒక్కసారిగా నింపేయనివ్వకండి. ఆరంగుళాలు పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, మళ్లీ ఆరంగుళాలు. ఇక్కడ తొందరపడితే మొదటి వానలకే మొరం కుంగి పైన కాంక్రీటు పగులుతుంది. ఆ పగులు చూడ్డానికి చిన్నదే. కుక్కల మీద ఉండే గోధుమరంగు పిడుదు గుడ్లు పెట్టేది కుక్క ఒంటి మీద కాదు, ఇలాంటి సందుల్లోనే. ఒక్కో ఆడ పిడుదు వేలల్లో గుడ్లు పెడుతుంది. పిడుదులు కడగడానికి కట్టిన గట్టే వాటికి ఇల్లవుతుంది.

పై కాంక్రీటు 3 అంగుళాలు, 1:2:4. అది వేయకముందే 75 మి.మీ. పీవీసీ డ్రెయిన్ పైపు, నహానీ ట్రాప్ (నీళ్లు దిగే చోట జాలీతో పెట్టే గిన్నె) అమర్చి ఉండాలి. రెండంగుళాల పైపు చాలదా అంటారు. నీళ్లకు చాలు, వెంట్రుకలకు చాలదు. ట్రాప్ నడిమధ్యలో పెట్టించకండి. కుక్క తోక ఉండే చివర, ఒక మూలకు పెట్టించండి. కాళ్ల కింద జాలీ ఉంటే గోళ్లు ఇరుక్కుంటాయి, ఒక్కసారి ఇరుక్కుంటే ఆ కుక్క మళ్లీ గట్టెక్కదు. జాలీ రంధ్రాలు పావు అంగుళం మించకూడదు.

వాటం సంగతి మేస్త్రికి నోటిమాటగా వదలకండి. తల వైపు నుంచి తోక వైపుకు 4 అడుగుల్లో అంగుళంన్నర దిగాలి. రసమట్టం పెట్టి, అంగుళంన్నర చెక్కముక్క కింద పెట్టి చూస్తే తెలిసిపోతుంది. పైపూతను అద్దంలా నున్నగా తీయడం మేస్త్రికి అలవాటు, గర్వం కూడా. ఇక్కడ అది వద్దని ముందే చెప్పండి. పూత కాస్త గట్టిపడగానే కొబ్బరి ఈనెల చీపురుతో అడ్డంగా సన్నగీతలు లాగించండి. తడి కాలు పట్టు దొరకాలంటే ఇంతకు మించిన ఉపాయం లేదు. తర్వాత ఏడు రోజులు తడిగోనె కప్పి నీళ్లు కొట్టండి. కొత్త సిమెంటు సున్నపుగుణం పాదాలను మంట పెడుతుంది కాబట్టి మూడు వారాలు ఆగి, రెండుసార్లు బాగా కడిగాకే కుక్కను ఎక్కించండి.

ఎక్కడానికి వాలు కట్టిస్తే ఎత్తుకు మూడింతల పొడవుండాలి. 15 అంగుళాలకు 45 అంగుళాలు. స్థలం లేకపోతే ఏడున్నర అంగుళాల ఎత్తు, 14 అంగుళాల వెడల్పుతో ఒక మెట్టు చాలు, రెండో అడుగు గట్టు మీదే పడుతుంది. వయసు మీదపడ్డ కుక్కకు, కీళ్లనొప్పులున్నదానికి వాలే మేలు.

నీళ్లకు బాత్‌రూముల్లో వాడే హెల్త్ ఫాసెట్ చక్కగా సరిపోతుంది. నొక్కితే వస్తుంది, వదిలితే ఆగుతుంది, కాబట్టి ఒక చెయ్యి ఎప్పుడూ కుక్క మీదే ఉంటుంది. దుకాణంలో మామూలుగా ఇచ్చే మీటరు గొట్టం పొట్ట కిందికి అందదు, 2 మీటర్లది అడిగి తెచ్చుకోండి. దానికి ముందు ఒక కుళాయి తప్పనిసరి. పనయ్యాక కుళాయి కట్టేసి, ఫాసెట్ నొక్కి గొట్టంలో ఒత్తిడి వదిలేయండి. అలా చేయకపోతే ఎండకు మెత్తబడ్డ గొట్టం ఏదో రాత్రి పగిలి ట్యాంకంతా ఖాళీ అవుతుంది.

ట్యాంకు నుంచి ముప్పావు అంగుళం పైపే గట్టుదాకా తెచ్చి, చివర్లో అర అంగుళానికి తగ్గించండి. 10 మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి ఒక బార్ ఒత్తిడి. మీ డాబా మీది ట్యాంకు ఫాసెట్ కంటే 4 మీటర్లు పైన ఉంటే 0.4 బార్ మాత్రమే. దాన్ని సన్నపైపులో, నాలుగు ఎల్బోల్లో పోగొట్టుకుంటే చివరికి ధార రాదు, కారడమే.

కొక్కెం: వెనక గోడకు, గట్టు మీది నుంచి 16 అంగుళాల ఎత్తులో యాంకర్ బోల్టుతో రింగు బిగించండి. తాడు 15–18 అంగుళాలు, చివర వేలితో నొక్కితే ఊడే కొక్కెం. తాడు పొడవుగా ఉంటే కుక్క అంచు దాటి దూకి మెడకు ఉరి పడుతుంది. ఒంటికి తొడిగే పట్టీ ఉంటే దానికే కట్టండి, మెడ బిగుసుకునే గొలుసు వాడొద్దు. కట్టేసి ఫోన్ తేవడానికి కూడా లోపలికి వెళ్లకండి.

ఇక నీళ్లు పోయే దారి. నొక్కి వదిలే ఫాసెట్‌తో లాబ్రడార్ స్నానానికి 40–50 లీటర్లు పడతాయి. ముందు మీ నేల ఎలాంటిదో తేల్చుకోవడానికి అడుగు లోతు గుంట తవ్వి నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ పోయండి. రెండోసారి పోసినవి రెండు మూడు గంటల్లో ఇంకితే మీది చల్క నేల, ఇంకుడు గుంట బాగా పనిచేస్తుంది. మూడడుగుల పొడవు, వెడల్పు, లోతు తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో 40 మి.మీ. కంకర, పైన అర అడుగు ఇసుక. కంకర సందుల్లోనే 250 లీటర్లదాకా పడతాయి. నల్లరేగడి అయితే ఈ గుంట బురదకుంటగా మారుతుంది, తవ్వించకండి. నీళ్లను అరటి, మెట్టతామర వేసిన పొడవాటి పాదులోకి వదలండి. ఏదైనా సరే, బావికీ బోరుకూ 50 అడుగులు దూరం ఉండాలి.

ప్రశ్న: మేం నిరుడు గట్టు కట్టించాం. పైన పాలిష్ చేసిన నల్ల కడప బండ. తడవగానే కుక్క కాళ్లు నాలుగు వైపులా జారుతున్నాయి. ఇప్పుడు గట్టు చూస్తేనే పారిపోతోంది. ఒక మూల నీళ్లు నిలిచి కంపు కొడుతోంది. పగలగొట్టి మళ్లీ కట్టాలా? (నంద్యాల)

జవాబు: పగలగొట్టక్కర్లేదు. గోనెపట్టా పరిస్తే సరిపోతుందనుకుంటారు గానీ తడిసిన గోనె బండ మీద మొత్తంగా జరిగిపోతుంది. రంధ్రాలున్న మందపాటి రబ్బరు మ్యాట్ గట్టు కొలతకు కోసి పరవండి. స్నానం కాగానే ఎత్తి ఎండలో వేయాలి. పరిచే ఉంచితే కింద పాకుడు పడుతుంది. శాశ్వతంగా కావాలంటే బండ కోసే మెషీన్‌తో రెండేసి అంగుళాల ఎడంలో 3 మి.మీ. లోతు గీతలు కోయించండి. ఈ గీతలు నీళ్లు పోయే దిక్కుకే ఉండాలి, అడ్డంగా కోస్తే ఒక్కో గీతా ఒక్కో కాలువై నీళ్లు నిలుస్తాయి. సిమెంటు మీది చీపురు గీతలు అడ్డంగా ఉండొచ్చన్నాం కదా, అవి లోతు లేనివి కాబట్టి. కొత్తగా బండే పరిపించుకునేవాళ్లు పాలిష్ లేని తాండూరు బండను గరుకు వైపు పైకి పెట్టి వేయించుకోండి.

మూల సంగతికి వస్తే, ఒక బకెట్ నీళ్లు పోసి పది నిమిషాలాగండి. ఎక్కడ నిలిచిందో బొగ్గుతో గీత గీయండి. ఆ గీత మేర బండ తీసి, కింద మాలు అర అంగుళం చెక్కి, వాటం సరిచేసి మళ్లీ పరిపించాలి. బండ మీదే పల్చగా సిమెంటు పూస్తే నాలుగు స్నానాలకు పెచ్చులూడుతుంది.

కంపు మాత్రం నిలిచిన నీళ్లది ఒక్కటే కాకపోవచ్చు. జాలీ ఎత్తి, చివర వంచిన తీగతో ట్రాప్‌లో లాగి చూడండి. వెంట్రుకలూ సబ్బుజిడ్డూ కలిసి ఉండలా వస్తాయి. ఇకనుంచి జాలీ కింద పాత దోమతెర ముక్క పరవండి, ప్రతి స్నానానికీ తీసి దులపండి. వారానికోసారి చెంచాడు బ్లీచింగ్ పౌడరు మగ్గు నీళ్లలో కలిపి పోసి, పావుగంట తర్వాత బాగా కడిగేయండి. దానితోపాటు యాసిడ్ ఎప్పుడూ పోయకండి, ఊపిరాడని క్లోరిన్ వాయువు పుడుతుంది. ఫినాయిల్ కూడా వద్దు. కుక్క ఆ గట్టు నాకుతుంది, పిల్లికైతే అది మరీ విషం. నీళ్లు నిలిచిన చోటికి ఎలుకలు వస్తాయి, వాటి మూత్రంతో వచ్చే లెప్టోస్పైరా జబ్బు కుక్కకూ మనుషులకూ సోకుతుంది. కాబట్టి ఆ మూలను ఈ వానాకాలం లోపే సరిచేయండి.

భయపడ్డ కుక్కను లాక్కెళ్లకండి. మ్యాట్ వేశాక వారంపాటు పొడిగట్టు మీదే అన్నం పెట్టండి. నీళ్ల మాట ఆ తర్వాత.

ప్రశ్న: విశాఖలో అపార్టుమెంటులో ఉంటాం. బుజ్జి పొమేరియన్. మిద్దె మీద కడగడానికి అందరూ ఒప్పుకున్నారు. కట్టడం కుదరదు, పైన కుళాయిలో నీళ్లు సన్నగా వస్తాయి.

జవాబు: 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము నిలువునా సగానికి కోయించండి. సుమారు 35 అంగుళాల పొడవు, 22 అంగుళాల వెడల్పు, 11 అంగుళాల లోతు తొట్టి వస్తుంది. డ్రమ్ములో ఇంతకుముందు ఏముందో అడిగి కొనండి. తినే నూనె, పండ్లరసం లాంటివి పోసినదైతేనే తీసుకోండి. రసాయనం నిల్వ చేసినది ఎంత కడిగినా వద్దు. కోసిన అంచు కత్తిలా ఉంటుంది, పాత తోటగొట్టాన్ని నిలువునా చీల్చి చుట్టూ తొడగండి.

అంగుళం ఇనుప యాంగిల్‌తో స్టాండు వెల్డింగ్ చేయించండి. తొట్టి అడుగు నేల నుంచి 27 అంగుళాల ఎత్తులో ఉండాలి, ఒక వైపు కాళ్లు అంగుళం పొట్టిగా. ఆ పొట్టి వైపు చివర, అడుగున అంగుళంబావు ట్యాంకు నిపిల్ బిగించి, పైపు తగిలించండి. మీ సముద్రగాలికి ఇనుము ఏడాదిలో తుప్పు పట్టేస్తుంది, రెడాక్సైడ్ రెండుసార్లు పూసి పైన రంగు వేయించండి. తొట్టి అడుగు గుండ్రంగా ఉండి కాళ్లు ఒరిగిపోతాయి కాబట్టి పాత పళ్ల ట్రేల అడుగుభాగాలు రెండు కోసి పక్కపక్కన పరిచి, పైన రబ్బరు మ్యాట్ వేయండి. ఎండలో వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, పనయ్యాక నీడకు జరపండి.

పిట్టగోడకు కనీసం ఆరడుగుల దూరంలో పెట్టండి. ఇది మరచిపోకూడని మాట. బెదిరిన కుక్క 27 అంగుళాల ఎత్తు నుంచి పిట్టగోడ మీదికి ఒక్క గెంతులో చేరుతుంది.

ట్యాంకు, కుళాయి రెండూ మిద్దె మీదే కాబట్టి ఒత్తిడి రాదు, ఫాసెట్ పెట్టినా లాభం లేదు. మొక్కలకు కొట్టే 5 లీటర్ల చేతి స్ప్రేయరు కొత్తది కొని, ముక్కును వెడల్పు జల్లుకు తిప్పుకోండి. ఊరినుంచి పొలం స్ప్రేయరు తెప్పించి వాడటం మాత్రం వద్దే వద్దు. పురుగుమందు దాని వాషర్లలో, గొట్టంలో ఉండిపోతుంది, పదిసార్లు కడిగినా పోదు.

20–25 లీటర్లలో పని అయిపోతుంది. మిద్దె మీది వాననీటి పైపులోకి సబ్బునీళ్లు వదలకండి, అది ఇంకుడు గుంటలోకి, అక్కడినుంచి మీ బోరులోకే చేరుతుంది. బకెట్లో పట్టి బాత్‌రూములో పారబోయండి. చివరి కడుగునీళ్లు మాత్రం కుండీలకు పోయొచ్చు.

ప్రశ్న: భీమవరం దగ్గర మా ఇల్లు చెరువుగట్టు మీద. కుక్కకు పిడుదుల మందునీళ్లు పోసి కడుగుతాం. ఆ నీళ్లు రొయ్యల చెరువు కాలువలోకి పోతే ఏమన్నా అవుతుందా?

జవాబు: అవుతుంది. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి పిడుదు మందులు చేపలకూ రొయ్యలకూ చాలా కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. రొయ్య కూడా పురుగుల జాతికి దగ్గరిదే, పిడుదును చంపేది దాన్నీ చంపుతుంది. అమిట్రాజ్ కూడా నీటిజీవులకు విషమే. కుక్కను కడిగే చోటి డ్రెయిన్‌కు రెండు దారులు పెట్టండి. మామూలు స్నానానికి ఒకటి, మందు రోజున దాన్ని బిరడాతో మూసేసి కింద టబ్బులోకి ఇంకొకటి. ఆ నీళ్లను చెరువుకూ కాలువకూ బావికీ దూరంగా, మెరక మీద, కూరగాయలు లేని మట్టిలో గుంట తీసి పోసి పూడ్చండి.

మందు కొలవడానికి సీసామూత వాడకండి, సూదిలేని సిరంజి వాడండి. మోతాదు లేబుల్ మీద ఉన్నదో, పశువైద్యులు చెప్పినదో అంతే. అమిట్రాజ్ ఎప్పటికప్పుడు కలుపుకోవాలి, పోశాక కడగకూడదు, ఒంటిమీదే ఆరనివ్వాలి. నాలుగు నెలల లోపు పిల్లలకు, చూలుకుక్కలకు, షుగరున్న కుక్కలకు వాడొద్దు. ఇంట్లో పిల్లి ఉంటే కుక్క పూర్తిగా ఆరేదాకా దగ్గరికి రానివ్వకండి. మందు పోశాక కుక్క మగతగా, తూలుతూ ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, మందుసీసా కూడా వెంట పట్టుకెళ్లండి.

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటున్నాం. బ్యాక్‌యార్డులో కాంక్రీటు పోయకుండా ఏదైనా తేలిక పద్ధతి చెప్పండి.

జవాబు: 4 అడుగుల చదరంలో ఆరంగుళాలు మట్టి తీసి, నీళ్లు దిగనిచ్చి మట్టిని పైకి రానివ్వని జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, సన్న గులకరాళ్లు నింపండి. చుట్టూ ప్రెషర్ ట్రీటెడ్ చెక్క అంచు, పైన గుర్రపుశాలల్లో వేసే మందపాటి రబ్బరు మ్యాట్. అది నీళ్లు దిగనివ్వదు కాబట్టి అరడజను రంధ్రాలు వేసుకోండి. మీ వైపు నేల నల్ల బంకమట్టి. వానాకాలంలో గుంట త్వరగా నిండుతుంది, పచ్చిక వైపుకు చిన్న కాలువ తీసి ఉంచండి.

అక్కడి తోటగొట్టాల మర ఇండియా నుంచి తెచ్చిన హెల్త్ ఫాసెట్‌కు సరిపోదు, అడాప్టరు కావాలి. బయటి కుళాయికి వ్యాక్యూమ్ బ్రేకర్ ఉందో లేదో చూడండి, లేకపోతే మురికినీళ్లు వెనక్కి ఇంటి పైపులోకి లాగబడే ప్రమాదం ఉంది. చలికాలం గొట్టం తప్పక విప్పేయండి. గొట్టం తగిలించి ఉంటే గడ్డకట్టని రకం కుళాయి కూడా లోపల నీళ్లు నిలిచి పగులుతుంది. 2021 ఫిబ్రవరి చలికి టెక్సాస్‌లో ఎన్ని ఇళ్ల పైపులు పగిలాయో అక్కడివాళ్లకు వేరే చెప్పాలా!

ప్రశ్న: చలికాలం వేడినీళ్లు ఎలా? బకెట్లో రాడ్డు పెట్టి గట్టు పక్కనే ఉంచొచ్చా? (ఆదిలాబాద్)

జవాబు: వద్దు. తడినేల, తడికుక్క, కరెంటు ఒకచోట ఉండకూడదు. నీళ్లు లోపలే కాచి, రాడ్డు స్విచ్చి తీసి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే బకెట్ బయటికి తేవాలి. గట్టు దగ్గర వెలుగు కోసం లైటు పెట్టుకునేవాళ్లు కూడా ఆ లైనుకు కరెంటు లీకైతే క్షణంలో లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయించుకోండి. నీళ్లు గోరువెచ్చగా, మీ మణికట్టు లోపలివైపు పోసుకుంటే వేడీ చలీ తెలియనట్టుండాలి. ఉదయం పదకొండు దాటాక, ఎండ ఉన్నప్పుడే కడిగి, తువ్వాలుతో చర్మందాకా తుడవండి.

మే నెలలో కథ తిరగబడుతుంది. మిద్దె మీద ఎండకు కాగిన పైపులో నీళ్లు చర్మం బొబ్బలెక్కేంత వేడిగా ఉంటాయి. 10 మీటర్ల ముప్పావు అంగుళం పైపులో 3 లీటర్లు నిలిచి ఉంటాయి. కుక్క మీద పెట్టేముందు కనీసం అన్ని నీళ్లు బకెట్లోకి వదిలి, చెయ్యి పెట్టి చూడండి. ట్యాంకు నీళ్లే కాగి ఉంటే ఎంత వదిలినా చల్లబడవు, అలాంటి రోజుల్లో తెల్లవారగానే కడగండి.